ప్యాషన్ కోసం పుస్తకం పట్టుకెళ్ళేవాళ్ళకి

లైబ్రరీ పుస్తకాన్ని జనం ఎంతవరకు చదివారో తెలుసుకోడానికి రిజిస్టరు చూడక్కర్లేదు. పుస్తకం మూసి, వెన్నుకి ఎదురుగా ఉండే పేజీల అంచు చూస్తే చాలు. వేళ్ళ మురికి ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా చదివినట్టు. డిటెక్టివ్ నవల అంచు మొదట్నుంచి చివరిదాకా ఒకేలా నల్లగా ఉంటుంది. గ్రూప్-2 పుస్తకాలకి మధ్యమధ్యలో చారలు పడతాయి, పరీక్షలో వచ్చే చాప్టర్లన్నమాట. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలకి మాత్రం మొదట ఒక వేలి మందం నలుపు, అక్కడ్నుంచి మల్లెపూవే.

శ్రీకాకుళం జిల్లాలో ఓ మండల కేంద్రం మాది. అక్కడి శాఖా గ్రంథాలయంలో 2006 నుంచి పనిచేస్తున్నాను. పొద్దున్న 8 నుంచి 11, మళ్ళీ సాయంత్రం 4 నుంచి 7. పొద్దున్న పేపర్ల కోసం రిటైరైన మాస్టార్లు వస్తారు, సాయంత్రం నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే పిల్లలు వస్తారు. ఇంటర్ రిజల్ట్సు వచ్చిన వారం, ఏదైనా పరీక్ష వాయిదా పడిన వారం మా వ్యక్తిత్వ వికాసం బీరువా సగం ఖాళీ అయిపోతుంది.

కిందటి వేసవిలో ఒకబ్బాయి వచ్చి, "మేడం, నా ప్యాషన్ ఏటో తెలిసిపోయే బుక్కు ఏదైనా ఉంటే ఇయ్యండి" అన్నాడు. బీటెక్ అయి మూడేళ్ళయిందట. నాకు నవ్వు రాలేదు. 2009లో నేనూ ఇదే వెతుక్కున్నాను. అతనికి ఒక పుస్తకం ఇచ్చి, దాన్ని ఎలా వాడుకోవాలో ఓ పావుగంట చెప్పాను. ఆ చెప్పిందే, అప్పుడు మర్చిపోయినవి కూడా కలిపి, ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా 2,800 రూపాయల సంగతి

అప్పుడు నాకు ముప్పై మూడేళ్ళు. ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలు, ఆరోగ్యంగా ఉన్న అత్తమామలు. ఏ లోటూ లేదు కానీ ఏదో వెలితి. చేతికందిన బీరువాలోంచి వరసపెట్టి నాలుగు పుస్తకాలు చదివాను. ఒకదాంట్లో "మీకు ఇష్టమైన వంద విషయాలు రాయండి" అని ఉంది. కూర్చుని రాస్తే అరవై ఒకటి వచ్చాయి. అందులో ఇరవై పైచిలుకు చూడాలనుకునే ఊళ్ళు, ఓ పది తినే వస్తువులు. మిగిలినవాటిలో గొప్పగా కనిపించింది "పెయింటింగ్". అదే నా ప్యాషన్ అని తీర్మానించేసి, విశాఖపట్నం వెళ్ళి రంగులు, కుంచెలు, కాన్వాసులు కొన్నాను. 2,800 అయింది. అరసవల్లి గుడి గోపురం వెయ్యబోతే అది కొబ్బరికాయలా వచ్చింది. రెండో బొమ్మ గురించి చెప్పను. రంగులు ట్యూబుల్లోనే గడ్డకట్టాయి. మిగిలిన కాన్వాసుని మా అత్తగారు పిండి డబ్బా మీద మూతగా వాడుకున్నారు, చాలా ఏళ్ళు మన్నింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత ఎప్పుడో అర్థమైంది. నాకు బొమ్మలు చూడ్డం ఇష్టం. రంగులు కలపడం, కుంచె కడగడం, తప్పు వేసి మళ్ళీ వెయ్యడం ఇష్టమో కాదో నేను ఒక్కసారి కూడా చేసి చూసుకోలేదు. జాబితాలో పనుల బదులు పేర్లు రాసుకున్నాను.

ఇప్పుడు ఎవరైనా వంద రాస్తానంటే నేను చెప్పేది ఒకటే. ప్రతిదాన్నీ "నేను ఏం చేస్తాను" అనేలా రాయండి. "సంగీతం" అని రాయకండి. "రోజూ పొద్దున్న ఐదింటికి లేచి సరళీ స్వరాలు పాడతాను" అని రాయండి. రాస్తున్నప్పుడే ముఖం ముడుచుకుంటే దాన్ని కొట్టేయొచ్చు. వంద కాస్తా పన్నెండవుతాయి.

పుస్తకం ఎంచుకోవడం

ఒకటి చాలు. ఒకేసారి మూడు పట్టుకెళ్ళేవాళ్ళు మూడూ మొదటి వేలి మందం దగ్గరే ఆపుతారు.

బీరువా దగ్గరే నిలబడి మధ్యలో ఓ నాలుగు చోట్ల తెరవండి. పాఠకుడు చెయ్యాల్సిన పని ఏదైనా ఉందా, అన్నీ గెలిచినవాళ్ళ కథలేనా చూడండి. కథలే అయితే ఆ పుస్తకం క్రికెట్ మ్యాచ్ లాంటిది. చూస్తున్నంతసేపూ ఊపుగానే ఉంటుంది, మీ బౌలింగ్ మాత్రం మెరుగుపడదు. ఇంకోటి, ఆ కథలన్నీ ఉద్యోగం వదిలేసి గెలిచినవాళ్ళవి. వదిలేసి ఓడినవాళ్ళ చేత పుస్తకం ఎవరు రాయిస్తారు? మా మెయిన్ రోడ్డు మీదే అలా మొదలెట్టి మూతపెట్టిన టిఫిన్ హోటళ్ళు రెండు నాకు తెలుసు. వాళ్ళ కష్టంలో లోపమేం లేదు.

అనువాద పుస్తకాలైతే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. "ఒక ఏడాది ఖర్చులకి సరిపడా డబ్బు పక్కన పెట్టుకుని ఉద్యోగం మానెయ్యండి" అని అమెరికాలో ఎవరో ఎవరికో చెప్పిన మాట తెలుగులోకి వచ్చేస్తుంది. మన ఇళ్ళల్లో ఆ డబ్బు పక్కన పెడితే ఆసుపత్రో, చెల్లెలి పెళ్ళో, బండి ఈఎంఐయో వచ్చి పట్టుకుపోతుంది. అందుకని "ఉద్యోగం మానెయ్యండి" అన్న చోటల్లా పెన్సిలుతో "సాయంత్రం ఒక గంట" అని రాసుకుని చదవండి. (సొంత పుస్తకమైతేనే. లైబ్రరీ పుస్తకంలో రాస్తే నేను ఒప్పుకోను.)

ఈమధ్య నాలుగు గుండ్రాల బొమ్మ కూడా తెగ తిరుగుతోంది. మీకు ఇష్టమైంది, మీకు వచ్చింది, లోకానికి కావలసింది, డబ్బులొచ్చేది, ఈ నాలుగూ కలిసిన చోట మీ ఇకిగాయ్, అంటే మీ బతుక్కి అర్థం, ఉందని. ఆ మాట జపాను వాళ్ళదే కానీ ఆ బొమ్మ వాళ్ళది కాదు. జీవిత లక్ష్యం గురించి స్పెయిన్ దేశస్థుడొకాయన గీసిన బొమ్మ మధ్యలో 2014లో ఒక బ్రిటిష్ బ్లాగరు ఇకిగాయ్ అనే మాట చేర్చాడు. జపాను వాళ్ళకి ఇకిగాయ్ అంటే మనవల ఆటలు, పొద్దుటి టీ లాంటి చిన్న సంగతులు కూడా. నాలుగు గుండ్రాలూ కలవట్లేదని టెన్షన్ పడేవాళ్ళని నేను చూశాను. కలవకపోయినా ఏం కాదు.

మొదటి పని వచ్చిన పేజీలో ఆగిపోండి

చివరిదాకా చదవండి అని చెప్తాననుకున్నారేమో. చదవకండి. పుస్తకం మిమ్మల్ని మొదటిసారి ఏదైనా చెయ్యమన్న చోట బస్సు టికెట్ పెట్టి మూసెయ్యండి. అది చేసేదాకా తెరవకండి. ఈ పుస్తకాలు చదువుతుంటే పని అయిపోయినట్టే హాయిగా ఉంటుంది, ఆ హాయితోనే పూట గడిచిపోతుంది.

ఎన్నాళ్ళు చెయ్యాలంటే, పుస్తకాల్లో 21 రోజులని ఉంటుంది. ఆ లెక్క 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసినదాంట్లోంచి వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి కొత్త ముఖం అలవాటవడానికి కనీసం మూడు వారాలు పడుతుందని ఆయన గమనించాడు. తర్వాత అందరూ "కనీసం" అన్న మాట వదిలేశారు. లండన్లో మామూలు అలవాట్ల మీద ఒక పరిశోధన జరిగింది, 2010లో పత్రికలో వచ్చింది. అందులో సగటున 66 రోజులు తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా ఉంది. కాబట్టి ఇరవై రెండో రోజున ఏమీ జరగలేదని పుస్తకం తిరిగి ఇచ్చేయకండి. రెన్యువల్ చేయించుకోండి.

పుస్తకం వల్ల నిజంగా పనికొచ్చేది ఏమిటంటే, మన ఇళ్ళల్లో ఎవరూ అడగని ప్రశ్న అది అడుగుతుంది. ఏం చదువుతున్నావు, జీతమెంత, సంబంధాలు చూస్తున్నారా, ఇవే మనకి వచ్చే ప్రశ్నలు. "ఏం చేస్తుంటే నీకు టైమ్ తెలీదు?" అని నన్ను ముప్పై మూడేళ్ళ వరకూ ఒక్కళ్ళూ అడగలేదు. ఆ ప్రశ్న అడిగింది ఆ పుస్తకమే, అందుకు దానికి రుణపడి ఉన్నాను. జవాబు మాత్రం దాంట్లో లేదు.

నలభై పేజీల నోటుబుక్కు

జవాబు కోసం పుస్తకంతో పాటు ఒక నోటుబుక్కు కావాలి. కిరాణా కొట్లో దొరికే నలభై పేజీలది చాలు. ఖరీదైన డైరీలో అబద్ధాలు రాస్తాం.

రోజూ పడుకునే ముందు రెండు లైన్లు. ఈరోజు ఎవరూ చెప్పకుండా నేను చేసిన పని ఏమిటి? ఈరోజు నన్ను ఎవరు ఏ సాయం అడిగారు? అంతే. కోరికలు, ఆశయాలు రాయొద్దు. ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయండి, అది కూడా లెక్కే.

మన భాషలో దీనికి ప్యాషన్ కంటే పాత మాట ఉంది. "వాడికి నాటకాల పిచ్చి", "ఆయనకి కోళ్ళ పిచ్చి", "దానికి ముగ్గుల పిచ్చి" అంటాం. గమనించండి, ఆ మాట ఎప్పుడూ పక్కవాళ్ళే అంటారు. పిచ్చి ఉన్నవాడికి అది ఉందని తెలీదు, వాడికది మామూలు. రెండో లైను అందుకే. ఇంట్లోవాళ్ళని అడిగినా చెప్తారు, కాకపోతే తిట్టు రూపంలో చెప్తారు. "ఎప్పుడు చూసినా అక్కడే చస్తావు" అని మీ అమ్మగారు ఏ చోటు గురించి అంటున్నారో అది రాసుకోండి.

ఆ అబ్బాయి మూడు వారాల తర్వాత నోటుబుక్కు తెచ్చి చూపించాడు. "ఏటీ నేదు మేడం" అంటూనే ఇచ్చాడు. నేను తిరగేశాను. ఇరవై ఒక్క రోజుల్లో తొమ్మిది రోజులు మైకు సెట్టు గురించే ఉంది. ఊళ్ళో అమ్మవారి పండక్కి బాక్సులు కట్టాడు. పక్కూళ్ళో పెళ్ళికి మైకు గుయ్యిమంటుంటే వెళ్ళి సరిచేశాడు. తప్పెటగుళ్ళ జానపద బృందం ఆడుతుంటే ఫోన్లో రికార్డు చేసి, పాట కంటే గజ్జెల మోత ఎక్కువ వస్తోందని ఫోను మూడు చోట్లకి మార్చి చూశాడు. "ఇదేటి మరి?" అన్నాను. "అదేటి లెక్క మేడం, అది సరదాకి చేస్తాను గదా" అన్నాడు.

బోరు పని పడుతుందా?

నోటుబుక్కులో ఒకటి పదేపదే కనిపించిందంటే సంబరపడిపోకండి. ఇప్పుడు దాంట్లో అన్నిటికంటే విసుగ్గా ఉండే పని వెతకండి. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే, ఏ పుస్తకంలోనూ సరిగ్గా చెప్పరు.

వీణ అంటే ఇష్టమనుకుంటే కచేరీకి వెళ్ళకండి, బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్ళండి. అక్కడ వీణలు చేసేవాళ్ళు పనస దుంగని తొలుస్తూ ఉంటారు. ఒక గంట కూర్చుని ఆ తొలవడం చూడండి. పొందూరు ఖద్దరు మీద మోజుంటే బట్టల కొట్లో ఆగిపోకుండా దూది ఏకేచోటుకి వెళ్ళండి. వాలుగ చేప దవడతో, దాని సన్నటి పళ్ళతో, పత్తిని దువ్వుతూ ఉంటారు. చిటికెడు చిటికెడు. చూస్తూ పది నిమిషాలకే ఫోను తీశారా, ఇంకాసేపు చూడాలనిపించిందా అన్నది మీకే తెలుస్తుంది.

2018లో పాల్ ఓకీఫ్, కెరోల్ డ్వెక్, గ్రెగ్ వాల్టన్ అనే సైకాలజిస్టులు ఇలాంటిదే పరీక్షించి చూశారు. కృష్ణబిలాల మీద ఒక సరదా వీడియో చూపిస్తే చాలామందికి తెగ నచ్చింది. తర్వాత అదే విషయం మీద కష్టమైన సైన్సు వ్యాసం ఇచ్చారు. ప్యాషన్ అనేది మనలో ముందే తయారై ఉంటుందనీ, దొరకడమే తరువాయనీ నమ్మేవాళ్ళకి అక్కడ ఆసక్తి బాగా పడిపోయింది. చేస్తూ ఉంటే పెరుగుతుంది అనుకునేవాళ్ళకి అంతగా పడలేదు. "మీ ప్యాషన్ ఎక్కడో మీకోసం ఎదురుచూస్తోంది" అని రాసే పుస్తకాల మీద నాకు అందుకే కోపం. మొదటి కష్టం రాగానే "అయితే ఇది కాదు కాబోలు" అని పిల్లలు లేచిపోతారు.

నా సంగతికొస్తే, పెయింటింగ్ పోయిన రెండేళ్ళకి ఒకరోజు పదకొండింటికి లైబ్రరీ మూస్తుంటే బస్సు తప్పిపోయింది. ఎండ. లోపల ఫ్యాను కింద కూర్చున్నాను. బల్ల మీద వెన్ను విరిగి, ఫారాలు (మడతపెట్టి కలిపి కుట్టే పేజీల కట్టలు) ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉంది. బైండింగుకి పంపితే ఎప్పుడొస్తుందో తెలీదు. చిన్నప్పుడు మా నాన్న లెక్కల పుస్తకాలు కుట్టడం చూశాను కాబట్టి, పక్క టైలరు దగ్గర దారం, దబ్బనం అడిగి తెచ్చుకున్నాను.

అదెలా ఉంటుందంటే, ముందు వెన్ను మీద పాత జిగురు గీకాలి. అది ఎండిపోయి గాజులా ఉంటుంది, బ్లేడుతో కొంచెం కొంచెం లేపాలి. తొందరపడితే కాగితం వచ్చేస్తుంది. తర్వాత ఫారాలు విడదీసి, వరస చూసుకుని, ఒక్కో ఫారాన్నీ మధ్య మడతలోంచి కుట్టి పక్కదానికి ముడెయ్యాలి. మైదా జిగురు సన్న సెగ మీద ఆపకుండా కలపాలి, లేకపోతే ఉండలు కడుతుంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి. క్యాలికో గుడ్డ అంటించి, అట్టలు పెట్టి, పైన సన్నికల్లు బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యాలి. మొదటిసారి నాకు ఇవేవీ సరిగ్గా రాలేదు. పుస్తకం వంకరగా తయారైంది, సరిగా మూసుకోలేదు. కానీ నాలుగింటికి పిల్లలొచ్చి తలుపు తట్టేదాకా నాకు ఆకలి గుర్తు రాలేదు.

జిగురు గీకడం అన్నిట్లోకీ విసుగు పని. నాకది కూడా బాగుంటుంది. అప్పుడు అనిపించింది, ఇదేదో ఉంది అని. ఇప్పటికి కొన్ని వందల పుస్తకాలు కుట్టాను. ఉద్యోగం ఉద్యోగమే, మధ్యాహ్నం 11 నుంచి 4 వరకు ఇది. దీంతో నా జీవితం మారిపోయిందని చెప్పను. మధ్యాహ్నాలు మారాయి.

వయసు గురించి ఒక్క మాట

"ఇరవై ఐదొచ్చినా ఇంకా తెలీలేదు" అని బాధపడేవాళ్ళకి నేను మన జిల్లావాళ్ళ ఇద్దరి సంగతి చెప్తాను. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు తండ్రి పోయాక, పదిహేడేళ్ళ ప్రాయంలో పర్లాకిమిడి బడిలో ఉద్యోగానికి చేరింది పొట్ట గడవడానికే. ఆ చుట్టుపక్కల కొండల్లో సవర గిరిజనులు మాట్లాడేది ఏమిటా అని నేర్చుకోవడం మొదలుపెట్టి, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసేదాకా వెళ్ళారు. మనం ఏటా ఆగస్టు 29న ఆయన్ని తలుచుకునే వ్యావహారిక భాష పోరాటంలోకి దిగేటప్పటికి ఆయన వయసు నలభై దాటింది.

రెండోవారు కారా మాస్టారు, అంటే కథారచయిత కాళీపట్నం రామారావు గారు. కథలు రాస్తూ రాస్తూ మధ్యలో కొన్నేళ్ళు మానేశారు. తిరిగి మొదలెట్టాక వచ్చిందే ఆయన పేరుమోసిన కథ "యజ్ఞం". డెబ్భై దాటాక, తనకొచ్చిన సాహిత్య అకాడమీ అవార్డు డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల లైబ్రరీ తెరిచి, ఇతరుల కథలు ఎక్కడెక్కడివో పాత పత్రికలతో సహా పోగుచేశారు. ఒకసారి వెళ్ళి చూడండి. పాత పత్రికల దుమ్ము దులిపి, వరస పెట్టి, ఎవరి కథ ఎక్కడ ఉందో రాసిపెట్టడం ఎంత విసుగు పనో నాకు తెలుసు.

ఎప్పుడు వద్దంటే

వారాల తరబడి నిద్ర లేదు, ఇంతకుముందు నచ్చినవి కూడా నచ్చట్లేదు, అన్నం సయించట్లేదు, బతకాలనే లేదు. ఇలా ఉంటే దయచేసి నా బీరువా దగ్గరకి రాకండి. అది ప్యాషన్ లేకపోవడం కాదు, డాక్టరుకి చూపించుకోవాల్సిన విషయం. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చెయ్యడానికి, ప్రభుత్వానిది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

అలాగే, మూడు రోజుల్లో మీ ప్యాషన్ బయటికి తీస్తామని నెల జీతమంత ఫీజు అడిగే క్లాసులకి వెళ్ళకండి. నేనొకసారి వెళ్ళాను. ఏసీ హాల్లో అందరం గట్టిగా చప్పట్లు కొట్టాం.

ఆ అబ్బాయి ఇప్పుడు ఆదివారాలు శ్రీకాకుళంలో ఒక సౌండ్ షాపుకి వెళ్తున్నాడు. పరీక్షలకి చదవడం మానలేదు, నేనే మానొద్దన్నాను. మిక్సరు నేర్చుకుంటావా అంటే, "ముందు వైర్లు చుట్టమన్నారు మేడం" అన్నాడు. రాత్రి ఒంటిగంటకి ప్రోగ్రాం అయ్యాక అందరూ ఇళ్ళకి పోతే, ఆ వైర్లన్నీ మెలిక పడకుండా చుట్టి, ఊడిన జాక్‌లకి సోల్డరింగ్ చేస్తాడట. ఎలా ఉందన్నాను. "బానే ఉంటాది" అన్నాడు.

వేసవిలో తీసుకున్న పుస్తకం సంక్రాంతి వెళ్ళాక తెచ్చిచ్చాడు. అలవాటు కొద్దీ అంచు చూశాను. ఒక వేలి మందం నలుపు, మిగతాది తెలుపు. తిప్పి చూస్తే వెనక అట్ట మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టిన మచ్చ, రూపాయి బిళ్ళంత, లోపలి నాలుగు పేజీల దాకా కాలింది. ఫైను కట్టించుకున్నాను. పదకొండింటికి తలుపులు వేసి, బ్లేడు తీసుకుని ఆ అట్ట ఊడదియ్యడం మొదలెట్టాను.